తెప్పల పౌర్ణమి నుంచి తదియ దాకా: తిరుపతిలో సైటు కొనే వరస

ఫాల్గుణ పౌర్ణమికి తిరుమల తెప్పోత్సవాలు ముగుస్తాయి. పక్షం తిరగ్గానే ఉగాది, ఆ వెనకే శ్రీరామనవమి, చైత్ర పౌర్ణమికి వసంతోత్సవాలు, ఆపైన అక్షయ తదియ. అన్నీ కలిపితే 47 రోజులు, ఒకటి అటూ ఇటూ. రేణిగుంట రోడ్డులో, చంద్రగిరి వైపు వెంచర్ల ఫ్లెక్సీలు లేచేది ఈ రోజుల్లోనే. ‘ఈ రేటు ఉగాది వరకే’ అని తొందరపెడతారు. ఉగాదికి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు సెలవు. ఆ రోజు అడ్వాన్సు చేతులు మారడం తప్ప ఇంకేం జరగదు. అందుకని ఉగాదికి సైటు చూసుకోండి, రిజిస్ట్రేషన్ తదియకు పెట్టుకోండి. మధ్యలో నెల రోజులు దొరుకుతాయి. కింది పనులకు ఆ నెల సరిపోతుంది.

బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు దర్శనం, సైటు విజిట్ ఒకే రోజు పెట్టుకోవద్దు. రాత్రంతా క్యూలో గడిపి దిగినవాళ్లు కారులోంచే సైటు చూసి తలూపేస్తారు. ఈ సంగతి ఏజెంట్లకు బాగా తెలుసు.

ముందు అంకణం ఎంతో అడగండి

తిరుపతిలో సైటు మాట అంకణాల్లోనే నడుస్తుంది. ఇక్కడ అంకణం అంటే 36 చదరపు అడుగులు, అంటే 4 గజాలు. పాత నెల్లూరు జిల్లా వైపు అంకణం 72 అడుగులు, అంటే 8 గజాలు. ఒక సెంటు 435.6 అడుగులు, మన లెక్కలో 12.1 అంకణాలు. 33 అడుగుల వెడల్పు, 55 అడుగుల పొడవున్న ప్లాటు 1,815 అడుగులు. తిరుపతి లెక్కలో అది 50 అంకణాల పైచిలుకు, నెల్లూరు లెక్కలో 25 అంకణాల పైచిలుకు. వాకాడు, నాయుడుపేట వైపు అంకణం రేటు విని ‘తిరుపతిలోనే చవక’ అనుకునేది ఇక్కడే. ఏ రేటు చెప్పినా గజాల్లోకి మార్చుకుని పోల్చండి. అగ్రిమెంటులో గజాలు, అడుగులు రెండూ రాయించండి.

కాగితాలు

సర్వే నంబరు చేతికి రాగానే మొదట చూడాల్సింది 22ఏ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల పట్టిక. ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగు మిగులు భూములు అందులో ఉంటాయి. తిరుపతి చుట్టూ దేవస్థానం భూములు, మఠం భూములు, ఇనాములు ఎక్కువ. ‘త్వరలో లిస్టులోంచి తీసేస్తారు’ అంటే, తీసేశాకే అడ్వాన్సు ఇస్తామని చెప్పండి.

తర్వాత ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బీ (హక్కుదారుల రికార్డు) తీయండి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు బదులు ఎల్పీఎం (కొత్త భూకమత పటం) నంబరు ఉంటుంది. రెండూ తీసుకుని ఒకదానికొకటి సరిపోతున్నాయా చూడండి. అడంగల్‌తోనే ఆగిపోతే చాలదు, డైగ్లాట్ అనే పాత సెటిల్మెంటు రిజిస్టరు నకలు తెప్పించండి. భూమి మొదట్నుంచీ ఏ రకమో చెప్పేది అదే. అందులో అనాధీనం, గుట్ట పోరంబోకు, చెరువు పోరంబోకు, వంక అని (అంటే ప్రభుత్వ భూమిగా) ఉంటే ఇప్పుడు ఎవరి పేరున పట్టా ఉన్నా అది ఎలా వచ్చిందో తేలాలి. పట్టాదారు పేరు రాసే గడిలో పేరుకు బదులు చుక్కలు ఉంటే అది చుక్కల భూమి, ఎవరిదో రికార్డులో తేలనిది. డీకేటీ పట్టా అంటే ప్రభుత్వం సాగుకు ఇచ్చిన భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం దాన్ని అమ్మడం నిషిద్ధం. ఇటీవలి సవరణల కింద ఫ్రీహోల్డ్ అయిందని, అంటే అమ్ముకునే హక్కు వచ్చిందని చెబితే ఉత్తర్వు కాపీ చూపించమనండి, ఆ నంబరు 22ఏలో ఇంకా ఉందేమో చూసుకోండి.

ఈసీ (సైటు మీద రిజిస్టరైన విక్రయాలు, తనఖాలు చూపే పత్రం) 1983 జనవరి నుంచి ఆన్‌లైన్లో దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. 112/2ఏ అన్న సైటుకు ఆ నంబరు మీద ఒకసారి, ఉత్త 112 మీద మరోసారి వెతకండి. సబ్‌డివిజన్ కాకముందు జరిగిన తనఖా, విక్రయం పెద్ద నంబరు కిందే ఉండిపోతాయి. ఈసీ నిల్ వచ్చినా ధీమా పడొద్దు. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాటగా చేసుకున్న పంపకం అందులో కనపడవు. పిత్రార్జితమైతే వంశవృక్షం తీసుకుని ఆడబిడ్డల సంతకాలు కూడా పెట్టించండి. ‘వాళ్లకు పెళ్లిలోనే ఇచ్చేశాం’ అన్న మాట కోర్టులో నిలబడదు.

లేఅవుటు

తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందంటే ఎల్పీ నంబరుతో, అంటే లేఅవుటు అనుమతి నంబరుతో పాటు స్టాంపు వేసిన ప్లాను కాపీ అడగండి. ప్లానులో రోడ్డు 40 అడుగులని ఉంటే టేపుతో కొలవండి, కాలువ గట్టును రోడ్డులో కలిపి చూపిస్తుంటారు. పార్కుకు వదిలిన ఖాళీ స్థలం ప్లానులో ఏ మూల ఉందో, నేల మీదా అక్కడే ఉండాలి. రోడ్లు, డ్రైన్లు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు తుడాకు తనఖాలో ఉంటాయి. ఆ నంబర్ల జాబితా తీసుకుని మీది అందులో లేదని తేల్చుకోండి. వెంచరు 500 చదరపు మీటర్లు దాటితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. అప్పుడు రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతం మించి తీసుకునే హక్కు వాళ్లకు లేదు.

ఎండలో చూసిన నేల, కార్తీకంలో మునిగే నేల

మన వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. చైత్రంలో ఆ నేలంతా గట్టిగా, చదునుగా, పరిశుభ్రంగా కనిపిస్తుంది. కాబట్టి ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు చేతబట్టుకుని నడవండి. సైటుకు పైన ఏ చెరువుంది, దాని మొరవ (అలుగు) ఎటు పోతుంది, వంక ఎక్కడ దాటుతుందో చూడండి. చుట్టూ మొలిచిన తుంగ, పక్కింటి గోడ మీద అడుగెత్తున ఆగిన బురద చార, కొత్త ఎర్రమట్టి కింద నల్లటి బంక. వీటిలో ఒక్కటి కనబడ్డా పక్కవీధిలో పాలు పోసే మనిషిని అడగండి, నవంబరులో బండి ఎక్కడ ఆపుతాడో చెబుతాడు.

వెంచరువాళ్ల బోరు పరీక్షించడానికి మాత్రం ఇదే సరైన కాలం. మోటరు వేయించి అరగంట నడిపించండి. మొదటి పది నిమిషాల ధార చూసి సరేననవద్దు.

సముద్రం పక్క ప్లాటు

తూపిలిపాళెం బీచి వైపు ‘రిసార్టు ప్లాట్లు’ కూడా ఈ రోజుల్లోనే తిరుపతిలో అమ్ముతారు. సముద్రపు పోటు రేఖ నుంచి 500 మీటర్ల దాకా తీర నియంత్రణ మండలం. 2011 నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడానికి వీల్లేదు. 2019లో జనసాంద్రత ఎక్కువున్న చోట్ల మాత్రం దాన్ని 50 మీటర్లకు తగ్గించారు. ప్లాటు కొలత అలల దగ్గర్నుంచి కాదు, మ్యాపులోని పోటు రేఖ నుంచి లెక్క. పులికాట్ దగ్గరైతే పక్షుల అభయారణ్యం హద్దులూ చూడాలి. రొయ్యల గుంటల పక్కనైతే బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడండి, ఉప్పదనం అక్కడికక్కడే తెలిసిపోతుంది.

డబ్బు, రిజిస్ట్రేషన్

స్టాంపు డ్యూటీ 5, బదలాయింపు సుంకం 1.5, ఫీజు 1, మొత్తం 7.5 శాతం. పుస్తకం రేటు (ప్రభుత్వం కట్టిన విలువ), మీ కొనుగోలు ధరల్లో ఏది ఎక్కువైతే దాని మీద. 40 లక్షలకు 3 లక్షలు పక్కన పెట్టుకోండి. ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (ధరలోంచి పట్టుకునే ఆదాయపు పన్ను) కట్టాల్సింది కొనేవాళ్లే. అడ్వాన్సు నగదుగా 20 వేలకు లోపే ఉండాలి, మిగతాదంతా బ్యాంకు ద్వారా. తదియకు స్లాటు ముందుగానే తీసుకోండి, ఆ రోజు ఆదివారం పడితే శనివారమో సోమవారమో.

హద్దులు ఎఫ్‌లైన్ (హద్దుల కొలత) దరఖాస్తుతో సర్వేయరు చేతే కొలిపించండి, పక్క ప్లాటువాళ్లూ ఉండాలి. ఇది మే నెలకు జరపొద్దు. తాతయ్యగుంట గంగమ్మ జాతర చాటింపు పడ్డాక ఆచారం పాటించే తిరుపతివాళ్లు పొలిమేర దాటరు. సైటు ఊరి బయట ఉంటే అమ్మిన మనిషి కొలతలకు రాడు. హద్దులు తేలగానే నాలుగు మూలలా రాతి కూసాలు రెండడుగుల లోతున పాతించి, ఫెన్సింగు తీగ లాగి, ఒక్కో కూసం పక్కన టేపు పెట్టి ఫొటో తీసుకోండి.