అడవి జంతువుల నుంచి ఆత్మరక్షణకు చేతి తుపాకీ, తూటాలు ఎంచుకోవడం ఎలా?

శక్తిలో చేతి తుపాకీ పెద్ద జంతువుల వేట రైఫిల్‌కు సాటి రాదు. అయినా అడవిలో తిరిగేవారు దాన్ని కోరుకోవడానికి కారణం ఉంది. చేపలు పడుతున్నప్పుడు, గుడారం వేస్తున్నప్పుడు రైఫిల్ ఏ చెట్టుకో ఆనించి ఉంటుంది, చేతి తుపాకీ మాత్రం ఒంటి మీదే ఉంటుంది. ఎంపికలో ప్రతి నిర్ణయాన్నీ ఈ సుగుణంతోనే తూచి చూడండి.

1. వెళ్లే చోటి చట్టం తెలుసుకోండి

ఒక్కో దేశంలో ఒక్కో తీరు. అమెరికా జాతీయ పార్కుల్లో 2010 ఫిబ్రవరి నుంచి ఆ రాష్ట్ర చట్టాన్ని అనుసరించి తుపాకీ దగ్గర ఉంచుకోవచ్చు, కానీ పేల్చడంపై నిషేధం అలాగే ఉంది. కెనడాలో 2022 అక్టోబర్ నుంచి చేతి తుపాకుల అమ్మకాలు దాదాపు ఆగిపోయాయి. లైసెన్సు సంగతి తేలకుండా కాలిబర్ (తూటా కొలత) గురించి వాదించుకోవడం వృథా.

2. మిరపకారపు స్ప్రేను ముందు కొనండి

తుపాకీ గురించి చెబుతూ స్ప్రే మాట ఎందుకని అనుకోవద్దు. అలాస్కాలో ఎలుగుబంట్లు ఎదురైన ఘటనలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, గోధుమ రంగు ఎలుగుల అవాంఛిత ప్రవర్తనను స్ప్రే 92 శాతం సందర్భాల్లో ఆపింది. అదే పరిశోధకులు తుపాకులపై 2012లో ప్రచురించిన అధ్యయనంలో చేతి తుపాకులు 84 శాతం సందర్భాల్లో పనిచేశాయి. రెండింటి ఘటనలు, పరిస్థితులు వేరు కనుక అంకెలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పలేం. కానీ స్ప్రేకు గురి అంత కచ్చితంగా కుదరనక్కర్లేదు. ఎదురుగాలి, జోరువాన మాత్రం దానికి శత్రువులు. వీలుంటే రెండూ దగ్గర ఉంచుకోండి.

3. ఏ జంతువు నుంచి రక్షణో తేల్చుకోండి

ప్యూమా (అమెరికా ఖండాల్లోని పెద్ద అడవిపిల్లి) బరువు దాదాపు మనిషి బరువే, ఎముకలు సన్నం. దానికి మామూలు 9 మిల్లీమీటర్ల పిస్టల్ సరిపోతుంది. నల్ల ఎలుగుకు పాయింట్ 357 మాగ్నమ్ అనే శక్తిమంతమైన రివాల్వర్ తూటా మంచి ఎంపిక. గోధుమ ఎలుగు సంగతి వేరు: మందమైన కొవ్వు, దిట్టమైన కండరాలు, ఏటవాలు పుర్రె, గంటకు దాదాపు 55 కిలోమీటర్ల పరుగు. ముప్పై మీటర్ల దూరం రెండు సెకన్లలో కరిగిపోతుంది. ఏనుగు, ఖడ్గమృగం తిరిగే చోట మాత్రం చేతి తుపాకీని నమ్ముకోవద్దు.

4. కాలిబర్, తుపాకీ రకం ఎంచుకోండి

పెద్ద ఎలుగుల ప్రాంతంలో పోటీ ప్రధానంగా రెండింటి మధ్యే. 1955లో వచ్చిన పాయింట్ 44 మాగ్నమ్ రివాల్వర్‌లో సాధారణంగా ఆరు తూటాలు పడతాయి, ఒక్కో దెబ్బ బలంగా ఉంటుంది. 1983 నాటి 10 మిల్లీమీటర్ల ఆటో పిస్టల్‌లో దెబ్బ కొంత తక్కువ, తూటాలు ఎక్కువ. ఆ రకానికి చెందిన గ్లాక్ 20 పిస్టల్ మ్యాగజైన్‌లో 15 పడతాయి. గ్రీన్‌లాండ్‌లో కుక్కబండ్లపై గస్తీ తిరిగే డెన్మార్క్ సిరియస్ దళం ధ్రువపు ఎలుగుల కోసం దాన్నే వెంట తీసుకెళ్తుంది.

అంతకంటే పెద్దవీ ఉన్నాయి, పాయింట్ 454 కసుల్ వంటివి. వాటిని చూసి మురిసిపోవడం సులభం, వరుసగా రెండోసారి గురిగా పేల్చడం కష్టం. నన్నడిగితే, మూడు సెకన్లలో నాలుగు తూటాలను పళ్లెమంత గురిలో వేయగలిగే అతి శక్తిమంతమైన కాలిబరే మీది. దానికి మించినది మీ చేతికి బరువే.

జంతువు మీద పడి పెనుగులాట జరిగితే రివాల్వర్‌కు ఒక మేలుంది. పిస్టల్ ముందుభాగం జంతువు ఒంటికి గట్టిగా నొక్కుకుంటే స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగం) వెనక్కి జరిగి పేలకపోవచ్చు, రివాల్వర్‌కు ఆ ఇబ్బంది లేదు. మరీ తేలికైన రివాల్వర్‌తో మరో చిక్కు: అది వెనక్కి తన్నే జోరుకు మిగిలిన తూటాల్లోని గుండ్లు ముందుకు జారి, తూటాలుండే సిలిండర్ తిరగకుండా ఇరుక్కోవచ్చు. అందుకే ఐదు పేల్చి, ఆరో తూటా పొడవు మారిందేమో కొలిచి చూడండి.

5. తూటాలు: వెడల్పు కాదు, లోతు

చాలామంది పొరబడేది ఇక్కడే. మనుషుల నుంచి రక్షణకు వాడే హాలో పాయింట్ తూటా, అంటే ముక్కున గుంట ఉన్నది, తగలగానే విచ్చుకుంటుంది. విచ్చుకున్నకొద్దీ లోతుకు వెళ్లే బలం తగ్గుతుంది. ఎలుగు భుజం కండ, ఎముక దాటి లోపలి అవయవాలను చేరాలంటే ఆకారం చెడని గుండు కావాలి: గట్టి సీసంతో పోత పోసినది, లేదా విచ్చుకోని రాగి గుండు. ముక్కు చదునుగా ఉండాలి. గుండ్రటి ముక్కు కంటే అది తిన్నగా దూసుకుపోతుంది, గాయమూ పెద్దది.

బరువును గ్రెయిన్లలో కొలుస్తారు, గ్రాముకు సుమారు 15.4 గ్రెయిన్లు. పాయింట్ 44 మాగ్నమ్‌కు 300 గ్రెయిన్ల దరిదాపుల్లో, 10 మిల్లీమీటర్లకు 200 నుంచి 220 మధ్య చూసుకోండి. కొందరు తయారీదారులు తమ బ్యారెల్‌లో పైపూత లేని సీసపు గుండ్లు వాడొద్దంటారు. గ్లాక్ వారి సూచన కూడా అదే. కొనేముందు తుపాకీతో వచ్చిన పుస్తకం చదవండి.

అడవిలో వాడబోయే అదే రకం తూటాలు పిస్టల్‌లోనైతే కనీసం వంద పేల్చి, ఒక్కటీ ఇరుక్కోలేదని నిర్ధారించుకోండి. ఖర్చవుతుంది, తప్పదు. రోజువారీ సాధనకు పాయింట్ 44 మాగ్నమ్ రివాల్వర్‌లో మెత్తగా తన్నే పాయింట్ 44 స్పెషల్ వాడవచ్చు. ప్రతి సాధనా మాత్రం ఒక సిలిండర్ నిండా అసలు తూటాలతో ముగించండి.

6. ఒర, దాన్ని ధరించే చోటు

వీపుసంచి నడుము పట్టీ కింద తుపాకీ ఉంటే అవసరానికి అందదు. ఛాతీకి అడ్డంగా కట్టే ఒర మేలు, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పేదై ఉండాలి. ఖాళీ తుపాకీతో, చేతి తొడుగులు వేసుకుని, తడి కోటు మీద నుంచి కూడా తీయడం సాధన చేయండి. రాత్రి గుడారంలో తుపాకీ, టార్చిలైటు పక్కపక్కనే, ప్రతి రాత్రీ అదే చోట, తడుముకుంటే చేతికి తగిలేలా పెట్టుకోండి.