ఓపెన్‌జేడీకేకి మారాక పీకేఐఎక్స్ ఎర్రర్: సమస్య - పరిష్కారం

లక్షణం: ఒరాకిల్ జేడీకే (జావా ప్రోగ్రాములు తయారుచేసి నడిపే ఒరాకిల్ కిట్) తీసేసి ఉచితంగా దొరికే ఓపెన్‌జేడీకే పెట్టారు, అప్లికేషన్ లేచింది, అంతా బాగానే ఉంది, కానీ ఆఫీసు లోపలి సర్వర్‌కి కనెక్ట్ అవ్వబోతే మాత్రం లాగ్ నిండా 'పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్', అంటే అవతలి సర్వర్ సర్టిఫికెట్‌ని నమ్మడానికి జావాకి ఆధారం దొరకలేదని. వెంటనే "ఊరికే వచ్చేది ఇలాగే ఏడుస్తుంది" అంటారు. జావా 11 నుంచి రెండిటి కోడూ దాదాపు ఒకటే, తిట్టి లాభం లేదు.

ముందు చూడాల్సింది: అసలు ఏ జావా నడుస్తోంది? టెర్మినల్లో వెర్షన్ అడిగితే టెర్మినల్ వాడే జావా సంగతి తెలుస్తుంది, సర్వీసుది కాదు. నడుస్తున్న ప్రాసెస్ నంబరు జేసీఎండీకి (జేడీకేతో వచ్చే కమాండ్) ఇచ్చి జావా హోమ్, అంటే ఆ జావా ఉన్న ఫోల్డర్, ఎక్కడుందో చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఇది ఎవరూ చెయ్యరు.

అసలు కారణం: సీఏసెర్ట్స్ ఫైలు. సాధారణంగా ప్రతి జేడీకేకీ తన సొంత నమ్మకాల జాబితా, అంటే ఎవరి సర్టిఫికెట్లను నమ్మాలో చెప్పే ఈ ఫైలు, ఉంటుంది. ఎప్పుడో ఎవరో మీ లోపలి సీఏ (సర్టిఫికెట్లు జారీచేసే అథారిటీ) సర్టిఫికెట్‌ని పాత జేడీకే ఫైల్లో కీటూల్‌తో (జేడీకేతో వచ్చే సర్టిఫికెట్ల కమాండ్) చేర్చి, ఎక్కడా రాసిపెట్టకుండా వెళ్లిపోయారు. కొత్తదానికి ఆ సంగతి తెలీదు. నేను దీనికి ఒక రాత్రంతా ఫైర్‌వాల్ మీద అనుమానంతో గడిపాను, అందుకే ఇంత చెప్తున్నా.

పాత, కొత్త ఫైళ్లను కీటూల్‌తో లిస్ట్ చేసి పోల్చండి, తేడాగా ఉన్న మీ సీఏని మాత్రమే ఎగుమతి చేసుకోండి. పాత ఫైలు మొత్తం తెచ్చి పడేయకండి, ఈలోగా తొలగించిన రూట్లు (మూల సర్టిఫికెట్లు) కూడా వెనక్కి వస్తాయి. కొత్త జేడీకే లోపలే చేర్చినా పనవుతుంది గానీ, సెక్యూరిటీ అప్‌డేట్లు మూడు నెలలకోసారి వస్తాయి, కొత్త ఫోల్డర్‌లో వేసిన ప్రతిసారీ ఇదే కథ. కాబట్టి కొత్త సీఏసెర్ట్స్‌కి కాపీ తీసి, అందులో మీ సీఏ చేర్చి, బయట పెట్టి, ట్రస్ట్‌స్టోర్ ప్రాపర్టీతో (ఏ జాబితా వాడాలో జావాకి చెప్పే సెట్టింగ్) చూపించండి. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ కాపీని మళ్లీ తయారుచేసే స్క్రిప్టు ఒకటి రాసుకోండి. మీ సీఏ ఒక్కటే పెట్టి చూపిస్తే బయటి సైట్లన్నీ ఆగిపోతాయి, ఎందుకంటే ఆ ప్రాపర్టీ అసలు జాబితాకి కలపదు, దాని స్థానంలో కూర్చుంటుంది. సర్టిఫికెట్ చెకింగే ఆపేసే కోడ్ దొరికింది కదా అని మాత్రం అతికించకండి, అది తాళం చెవి దొరకలేదని తలుపు పీకేయడమే.

మిగతావి అరుదు. హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదట్లో జరిగే ఒప్పందం) ఎర్రర్ అయితే అవతలి సర్వర్ పాతది కావచ్చు, 2021 ఏప్రిల్ జావా అప్‌డేట్ల నుంచి సురక్షిత కనెక్షన్ల పాత పద్ధతులు టీఎల్ఎస్ 1.0, 1.1 డిఫాల్ట్‌గా ఆగిపోయాయి. రిపోర్టుల బొమ్మల దగ్గర కూలిపోతే లినక్స్‌లో ఫాంట్లు వెతికిపెట్టే ఫాంట్‌కాన్ఫిగ్ ప్యాకేజీ ఉందో లేదో చూడండి. జావాఎఫ్ఎక్స్ (తెర మీద విండోలు, బటన్లు గీసే లైబ్రరీ) దొరకలేదంటే అది విడిగా తెచ్చుకోవాల్సిందే.