ఏఐ పెట్టే ముందు: ఆటోనగర్ షాపు వాళ్లకి కొన్ని జాగ్రత్తలు

గాజువాక ఆటోనగర్‌లో ఇప్పుడు ఎవర్ని కదిపినా ఏఐ మాటే. పెట్టండి, కాదనను. డబ్బు కట్టే ముందు మాత్రం ఇవి చూసుకోండి.

☐ ముందు స్టాకు లెక్క సరిచేయండి. అసలు పని ఇదే. మా షాపు కంప్యూటర్లో 6204 బేరింగుని ఒకరు ఉత్త "6204" అని, ఇంకొకరు "6204 జెడ్‌జెడ్" అని, మా తమ్ముడు "20 ఎంఎం బేరింగ్" అని ఎక్కించారు. 6204 సైజు నంబరు, దాన్లో రకాలున్నాయి: జెడ్‌జెడ్‌కి రెండు వైపులా రేకు మూత, 2ఆర్‌ఎస్ అనే ఇంకో రకానికి రబ్బరు సీలు. లోపలి కొలత రెండిటికీ 20 మి.మీ.యే. మనిషైతే ఏది కావాలో అడిగి ఇస్తాడు. ఏఐ చాలాసార్లు అడగదు, ఏదో ఒకటి చెప్పేస్తుంది, అదీ ధీమాగా. పేర్లు సరిచేయడానికి మాకు నెల పట్టింది. ఆ నెలంతా ఒకటే టెన్షన్.

☐ ఏ పనికో ఒక్క వాక్యంలో రాసుకోండి. "వాట్సాప్‌లో రేటు అడిగితే చెప్పడం" చాలు.

☐ కస్టమర్ల ఆధార్ కాపీలు, ఫోన్ నంబర్లు ఉచిత యాప్‌లలో పడేయొద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది.

☐ ఏఐ చెప్పిందని బిల్లు మీద హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీకి సరుకు రకాన్ని చెప్పే నంబరు) వేసేయకండి. బాల్ బేరింగులకి 8482. మిగతావి అకౌంటెంట్‌ని అడగండి.

☐ "నా ఉద్యోగం పోతుందా బాబూ?" అని పాత గుమాస్తా అడగకముందే ఆయన్ని కూర్చోబెట్టి చెప్పండి. ఏఐ తప్పులు పట్టేది ఆయనే.

☐ 2014లో హుద్‌హుద్ తుపాను అప్పుడు రోజుల తరబడి కరెంటే లేదు. కాగితం రేట్ల పుస్తకం పారేయకండి.