కొండ లేని ఊరివాళ్ళు కొండ ఎక్కడం ఎలా?

ధవళేశ్వరం దాటి కిందికి వస్తే గోదావరి డెల్టాలో ఎత్తు అంటే ఏటిగట్టే. అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు పెరిగిన మనం రోజుకు ఐదు కిలోమీటర్లు అవలీలగా నడుస్తాం. అదే ధైర్యంతో కొండకి వెళ్తే సగంలోనే కూలబడతాం. చాలామంది దానికి కాళ్ళని తిట్టుకుంటారు. నన్నడిగితే ముందు చూసుకోవాల్సింది చెమట సంగతి.

చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. కోస్తా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, కారిపోతుంది. నీళ్ళూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం ఒంట్లోనే ఉంటుంది. పైకెళ్తే చల్లగా ఉంటుందన్న ఆశా పెట్టుకోకండి. కిలోమీటరు ఎత్తుకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అంటే 100 మీటర్ల కొండ మీద తేడా ఒక్క డిగ్రీ కూడా ఉండదు. పైన గాలి తగులుతుంది, అంతే.

1. నెల చూసుకోండి

డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. కార్తీకంలో అందరూ వనభోజనాలకని బయల్దేరతారు గానీ అది తుఫాన్ల కాలం కూడా. తడిసిన రాతి మీద పాచి ఉంటే కాలు నిలవదు. ఏప్రిల్, మే అసలు వద్దు. సంక్రాంతి రోజుల్లో ఒక్కటే ఇబ్బంది. తెల్లారేసరికి పొగమంచు పట్టేసి, అంత కష్టపడి ఎక్కినా కింద ఊరు కనపడదు. పొద్దెక్కేదాకా ఆగాలి.

2. ఏటిగట్టు మీద సాధన

చదును నేల మీద ఎంత నడిచినా కొండ దిగడం రాదు. దిగేటప్పుడు బరువంతా ఆపేది తొడ కండరాలు, వాటికి వేరే అలవాటు కావాలి. బండి దారి ఉన్నచోట గట్టు ఎక్కండి, అవతలి వైపు రేవులోకి దిగండి, మళ్ళీ ఎక్కండి. రోజు విడిచి రోజు ఇరవై నిమిషాలు, మూడు వారాలు చాలు. చివరి వారం రెండు లీటర్ల నీళ్ళ సంచి భుజాన వేసుకోండి. పక్కవాళ్ళతో మాట్లాడుతూ ఎక్కగలిగితే ఆ వేగం సరైనది. మాట ఆగిపోతోందంటే తగ్గించండి. చూసినవాళ్ళు ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నారనుకుంటారు, అనుకోనివ్వండి.

3. చిన్న కొండతో మొదలు

రాజమండ్రి దగ్గర కోరుకొండ మంచి పరీక్ష. లక్ష్మీనరసింహస్వామి గుడికి వెళ్ళే మెట్లు నిటారుగా ఉంటాయి. చెప్పులు లేకుండా ఎక్కేవాళ్ళు ఎండ ముదరకముందే దిగేయాలి, రాయి కాలుతుంది. పెద్దాపురంలోని పాండవుల మెట్ట ఇంకొకటి. గుహలు, సూర్యనారాయణస్వామి గుడి, కింద ఊరు. సామర్లకోట స్టేషన్ దగ్గరే.

అడవీ నగరమూ రెండూ కావాలంటే విశాఖ కంబాలకొండకి వెళ్ళాలి. రాజమండ్రి నుంచి రైల్లో దాదాపు 200 కిలోమీటర్లు. అది వన్యప్రాణి అభయారణ్యం, చిరుతలు ఉన్నాయి. కాబట్టి చీకట్లో బయల్దేరడాలు అక్కడ కుదరవు. గేటు తెరిచాకే టికెట్ తీసుకుని, అటవీ సిబ్బంది చూపిన దారిలోనే నడవాలి. మిగతా కొండలకి మాత్రం తెల్లారుతూనే మొదలుపెట్టి తొమ్మిదికల్లా కిందికి వచ్చేయండి.

4. సంచిలో ఏముండాలి

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు మూడు గుక్కలు తాగాలి. ఉత్త నీళ్ళే లీటర్లకొద్దీ తాగడం కూడా మంచిది కాదు, పోయిన ఉప్పు తిరిగి రావాలి.

ఇక్కడ కోనసీమ వాళ్ళకి నచ్చని మాట ఒకటి. బొండం నీళ్ళలో పొటాషియం దండిగా ఉంటుంది గానీ సోడియం తక్కువ. చెమటలో ఎక్కువగా పోయేది సోడియమే. బొండం తాగండి, దాంతో పాటు ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్‌ఎస్సో ఉండాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని రాస్తే అన్ని నీళ్ళలో మొత్తం కలపాలి, సగం సగం వేయకూడదు. ఇంట్లో చేసుకుంటే లీటరు నీళ్ళకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కొలవాలి. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టర్ని అడగండి.

తినడానికి పులిహోర. కోతులున్నచోట ప్లాస్టిక్ కవరు చేతిలో పట్టుకోకండి. జీన్స్ వద్దు, చెమటకి తడిసి తొడలు ఒరుసుకుంటాయి. పల్చటి పూర్తి చేతుల చొక్కా, అడుగు అరగని బూట్లు చాలు.

5. దారిలో

ఎక్కేటప్పుడు చిన్న అడుగులు. ఎండుటాకుల కింద ఏముందో కనపడదు, కర్రతో తట్టి కాలు పెట్టండి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ చేయొద్దు. ఆ కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేరాలి.

శీతాకాలంలో దూలగొండి కాయలు ఎండుతాయి. గోధుమరంగు నూగుతో వంకరగా వేలాడుతుంటాయి, ముట్టుకోకండి. నూగు అంటితే ఒకటే దురద, చేత్తో రుద్దితే ఇంకా పాకుతుంది. టేపు అతికించి లాగి, తర్వాత కడుక్కోవాలి. రాతికి తేనెపట్టు కనిపిస్తే అక్కడ పొగ పెట్టకండి, కేకలు వేయకండి.

మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే వెంటనే దిగడం మొదలుపెట్టాలి. ఒంటరి చెట్టు కింద నిలబడకండి. ఫోన్లో దామిని యాప్ ఉంటే పిడుగుల హెచ్చరిక ముందే వస్తుంది.

తలనొప్పి, వాంతి వస్తే నీడలో కూర్చోబెట్టి ఒళ్ళు తడిపి విసరండి. మాట తడబడినా, ఎక్కడున్నారో తెలియకపోయినా అది వడదెబ్బ. తడుపుతూనే 108కి చేయండి.

6. దిగాక

ఆరోజు హాయిగానే ఉంటుంది. మర్నాడు, ఆ మర్నాడు తొడలు పట్టేస్తాయి, టెన్షన్ పడక్కర్లేదు. కాస్త నడుస్తూ ఉంటే మూడు నాలుగు రోజుల్లో పోతుంది. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే మాత్రం అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.