ఇల్లు ఇద్దరిది, అద్దె ఒకరి ఖాతాలో: పన్ను దగ్గర ఎక్కడ తేడా కొడుతుంది?

పన్ను రిటర్నులు వేసే జూలై వచ్చిందంటే విశాఖలో మధురవాడ, పీఎం పాలెం వైపు ఫ్లాట్లు అద్దెకిచ్చిన భార్యాభర్తలకు ఒకటే టెన్షన్. దస్తావేజులో ఇద్దరి పేర్లూ ఉంటాయి, అద్దె మాత్రం ఒక్కరి ఖాతాలో పడుతుంది. అద్దె ఎవరి చేతికొచ్చిందన్నది పన్ను చట్టానికి ముఖ్యం కాదు. ఇల్లు ఎవరిది, దానికి డబ్బు ఎవరు పెట్టారు అన్నదే చూస్తుంది. నా దగ్గరికి వచ్చే చిక్కుల్లో చాలావరకు ఈ ఒక్క తేడాతోనే మొదలవుతాయి.

సమస్య: అద్దె మొత్తం భర్త ఏఐఎస్‌లోనే (పన్ను శాఖ మన పాన్ మీద చూపించే వార్షిక సమాచార పట్టికలోనే) కనిపిస్తోంది

నెలకు 24,000 అద్దె, ఏడాదికి 2,88,000. ఇద్దరివీ సమాన వాటాలు. ఆయన సగమే చూపించారు, ఆదాయ పన్ను పోర్టల్లో మాత్రం మొత్తం ఆయన పాన్ మీదే ఉంది.

కారణం చాలాసార్లు అద్దెకున్న కుర్రాడి ఆఫీసులో ఉంటుంది. రుషికొండ ఐటీ కొండల మీద ఉద్యోగం చేసే అబ్బాయి హెచ్‌ఆర్‌ఏ (జీతంలోని ఇంటద్దె భత్యం) మినహాయింపు కోసం కాగితాలిస్తాడు. అద్దె ఏడాదికి లక్ష దాటితే యజమాని పాన్ రాయాలి. అగ్రిమెంటులో ఆయన పేరొక్కటే ఉంది కాబట్టి ఆయన పాన్ రాసేశాడు. అతని తప్పేం లేదు.

పరిష్కారం: వాటాలు స్పష్టంగా ఉంటే ఎవరి వాటా వారి రిటర్నులోనే చూపించాలి. 1961 ఆదాయ పన్ను చట్టంలో ఇది సెక్షన్ 26. (2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టంలో నంబర్లు మారాయి, సూత్రం అదే.) ఐటీఆర్-2 రిటర్ను ఫారంలో ఇంటి వివరాల దగ్గర సహ యజమాని పేరు, పాన్, వాటా శాతం అడుగుతుంది, అవి నింపండి. ఏఐఎస్‌లో ఆ ఎంట్రీ మీద, ఈ సమాచారం వేరే పాన్‌కు చెందిందని ఫీడ్‌బ్యాక్ పెట్టే వీలుంది. భార్య వాటా మేరకు అది పెట్టండి. ఆవిడ కూడా తన రిటర్నులో ఆ సగం చూపించాలి సుమా, లేకపోతే ఫీడ్‌బ్యాక్ పెట్టి లాభం లేదు. వచ్చే అగ్రిమెంటులో ఇద్దరి పేర్లూ, పాన్‌లూ రాయించి, అద్దె రెండు ఖాతాలకు విడివిడిగా వేయమనండి.

సమస్య: "ఆవిడకు వేరే ఆదాయం లేదు కదా, సగం ఆవిడకు చూపిస్తే పన్ను పడదు" అని చూపించారు, నోటీసు వచ్చింది

ఇది అసలైన ముడి. 1961 చట్టం సెక్షన్ 27 ప్రకారం తగిన ప్రతిఫలం తీసుకోకుండా భార్యకో భర్తకో ఇల్లు రాసిస్తే, పన్ను కోసం రాసిచ్చినవారే యజమాని. విడిగా ఉండటానికి చేసుకున్న ఒప్పందం కింద ఇచ్చిందయితే వేరు. ఇక డబ్బంతా ఆయనే కట్టి, దస్తావేజులో ఆవిడ పేరు కలిపిన కేసులున్నాయే, అధికారి మొదట అడిగేది "మీ వాటా డబ్బు ఎక్కడిదమ్మా?" అనే.

జవాబు ఉంటే భయం లేదు. పసుపు కుంకుమల కింద చోడవరం దగ్గర పుట్టింటివారు ఇచ్చిన పొలం అమ్మి ఫ్లాట్‌కు కట్టారా? ఆ అమ్మకం దస్తావేజు, డబ్బు బ్యాంకులో పడిన స్టేట్‌మెంటు, అక్కడి నుంచి బిల్డరుకు వెళ్లిన చెక్కు, ఈ మూడూ ఒక ఫైల్లో పెట్టుకోండి. జీతం పొదుపయినా, నగలు అమ్మిన సొమ్మయినా అంతే. జవాబు లేకపోతే మొత్తం అద్దె ఆయనే చూపించడం మంచిది. పన్ను కాస్త పెరిగినా నిద్ర పడుతుంది.

ఒక చిన్న వెసులుబాటు చాలామందికి తెలియదు. ఆయన రాసిచ్చిన ఇంటి అద్దె ఆయన లెక్కలోనే పడుతుంది. ఆ అద్దెను ఆవిడ ఎఫ్‌డీ చేసుకుంటే, దాని మీద వచ్చే వడ్డీ మాత్రం ఆవిడదే.

సమస్య: దస్తావేజులో ఎవరి వాటా ఎంతో రాయలేదు

1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 45 చూడండి. ఎవరు ఎంత పెట్టారో తేలితే ఆ నిష్పత్తి, తేలకపోతే సమానం అనుకోవాలి. కాబట్టి ఏటా మీ ఇష్టమొచ్చిన శాతం వేయకండి. కొత్తగా కొంటుంటే రిజిస్ట్రేషన్‌కు ముందే డ్రాఫ్టులో వాటాలు రాయించండి.

సమస్య: వడ్డీ ఇద్దరూ తగ్గించుకున్నారు, లోను ఆయన ఒక్కరిదే

వడ్డీ మినహాయింపు కావాలంటే ఇంటిలో వాటా ఉండాలి, అప్పులోనూ పేరు ఉండాలి. పై ఇంటికే లెక్క వేద్దాం. యజమానిగా మీరు కట్టిన జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇంటి పన్ను 8,000 పోతే 2,80,000. అందులో మరమ్మతుల వంటి ఖర్చుల కింద చట్టం ఇచ్చే 30 శాతం మినహాయిస్తే 1,96,000, ఒక్కొక్కరికి 98,000. వడ్డీ 1,20,000 అనుకుందాం. ఇద్దరూ కలిసి అప్పు తీసుకుని సమానంగా కడుతుంటే ఒక్కొక్కరికి 38,000 మిగులుతుంది. ఆయన తన వాటా కోసం ఒక్కరే తీసుకుంటే ఆయనకు 22,000 నష్టం, ఆవిడకు 98,000 ఆదాయం. కొత్త పన్ను విధానంలో ఆ నష్టాన్ని ఆయన జీతంలోంచి తగ్గించుకోలేరు. పేరు చేర్చాలంటే బ్యాంకును ముందే అడగాలి.

అసోసియేషన్ మెయింటెనెన్సు, సున్నం ఖర్చు విడిగా అడగకండి, అవన్నీ ఆ 30 శాతంలోనే.

సమస్య: పాత ఏళ్లన్నీ ఆయన పేరు మీదే చూపించేశారు

రివైజ్డ్ రిటర్ను (సవరించిన రిటర్ను) గడువు ఉంటే వెంటనే ఇద్దరిదీ సరిచేయండి. గడువు దాటితే అప్‌డేటెడ్ రిటర్ను ఉంది, అసెస్‌మెంటు సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) ముగిశాక 48 నెలల వరకూ. కానీ అది అదనంగా పన్ను కట్టడానికే, తగ్గించుకోవడానికి పనికిరాదు. అంటే ఆవిడ తన వాటా మీద పన్ను పడితే కట్టగలరు గానీ, ఆయన ఎక్కువ కట్టింది ఆ దారిలో వెనక్కి రాదు.