ఆరోగ్య వృత్తి నిపుణులు నిరంతర విద్యకు ఏడాది ప్రణాళిక వేసుకోవడం ఎలా?

వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులు రిజిస్ట్రేషన్ పొందిన తరువాత కూడా నేర్చుకుంటూనే ఉండాలని చాలా దేశాలు నిబంధన విధించాయి. అయితే ఎన్ని గంటలు, ఏ రకం శిక్షణ అన్నది దేశానికొక తీరుగా, వృత్తికొక తీరుగా ఉంటుంది. బ్రిటన్‌లో నర్సులు మూడేళ్లలో 35 గంటలు చూపించాలి. వాటిలో 20 గంటలు ఇతరులతో కలిసి నేర్చుకున్నవై ఉండాలి. ఆస్ట్రేలియాలో వైద్యులు ఏటా 50 గంటలు చూపించాలి. వాటిలో కనీసం సగం తమ పనితీరును సమీక్షించుకోవడానికి, ఫలితాలను కొలవడానికి కేటాయించాలి. అందువల్ల ముందుగా మీకు రిజిస్ట్రేషన్ ఇచ్చిన వృత్తి మండలి నిబంధనలను అధికారిక పత్రంలో స్వయంగా చదవండి. వేరే దేశపు సదస్సుకు రుసుము కట్టే ముందు, అక్కడ లభించే క్రెడిట్లను (నేర్చుకున్న గంటలకు ఇచ్చే గుర్తింపు పాయింట్లను) మీ మండలి అంగీకరిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి.

నిబంధన తెలిశాక చాలామంది నేరుగా కోర్సుల జాబితా తెరుస్తారు. ఏడాది శ్రమ అక్కడే దారి తప్పుతుందని నా నమ్మకం, ఎందుకంటే ఎవరైనా తమకు ఇష్టమైన విషయాన్నే మళ్ళీ మళ్ళీ ఎంచుకుంటారు. వైద్యులు తమ సామర్థ్యాన్ని తామే వేసుకునే అంచనా, ఇతరులు పరీక్షించి తేల్చినదానితో తరచుగా సరిపోలదని పరిశోధనలు చూపాయి. కాబట్టి కోర్సు కంటే ముందు కేస్ షీట్లు తెరవండి. ఉదాహరణకు, మధుమేహంతో వచ్చిన చివరి ఇరవై మంది రికార్డులు ఒక్కటీ వదలకుండా వరుసగా తీసి, ఎందరికి పాదాల పరీక్ష నమోదైంది, ఎందరికి మూత్రంలో అల్బుమిన్ పరీక్ష జరిగింది అని లెక్కించండి. దానితో పాటు, ఓపీలో జవాబు తట్టని ప్రశ్నను ఆ రోజే ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. నెల తిరిగేసరికి మీరు ఏం నేర్చుకోవాలో ఈ రెండూ చెబుతాయి.

అప్పుడు పద్ధతిని ఎంచుకోండి. కేవలం ఉపన్యాసం విన్నంత మాత్రాన చికిత్స చేసే తీరు పెద్దగా మారదు. కేసులు చర్చించడం, చేతులతో సాధన చేయడం, కొంత విరామంతో అదే విషయానికి తిరిగి రావడం ఎక్కువ మేలు చేస్తాయి. పనితీరు లెక్కలను సిబ్బందికి తిరిగి చూపించడంపై 2012లో వెలువడిన కోక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి విశ్లేషించే కోక్రేన్ సంస్థ నివేదిక) 140 అధ్యయనాలను పరిశీలించి, మెరుగుదల మధ్యగత విలువ (మీడియన్) 4.3 శాతం పాయింట్లని తేల్చింది. ఇది చిన్న అంకెగా కనిపించవచ్చు. కానీ మొదట్లో పనితీరు తక్కువగా ఉన్నచోట, లెక్కలను పదేపదే చూపినచోట, స్పష్టమైన లక్ష్యం పెట్టుకున్నచోట ఫలితం ఎక్కువగా ఉంటుందని కూడా ఆ సమీక్ష చెప్పింది. అంటే ఆ ఇరవై మంది లెక్కను ఒక్కసారితో వదిలేయకూడదు.

నిపుణులకు దూరంగా పనిచేసేవారు నిరాశపడనక్కరలేదు. అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఎకోలో, గ్రామీణ వైద్యులు తమ హెపటైటిస్ సి రోగుల కేసులను వీడియో ద్వారా నిపుణుల ముందుంచి చర్చించేవారు. 2011లో ప్రచురితమైన అధ్యయనంలో వారి రోగులలో 58.2 శాతం మందికి, విశ్వవిద్యాలయ క్లినిక్ రోగులలో 57.5 శాతం మందికి చికిత్స ఫలించింది. మీకు అందుబాటులో అలాంటి బృందం లేకపోతే, నలుగురైదుగురు సహోద్యోగులు ఒక నిపుణుడిని ఒప్పించి నెలకొకసారి ఇదే పని చేయవచ్చు. వైద్య పత్రికలకు చందా కట్టలేని దేశాల్లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ప్రారంభించిన హినారి అనే ఆన్‌లైన్ కార్యక్రమం ద్వారా అవి ఉచితంగానో తక్కువ ధరకో దొరుకుతాయి. అందులో నమోదు మీరు పనిచేసే సంస్థ పేరిట జరగాలి కనుక మీ గ్రంథాలయాధికారిని అడగండి.

మందుల కంపెనీ ఖర్చు భరించే శిక్షణలో పాఠ్యాంశాన్ని ఎవరు నిర్ణయించారో, వక్తకు ఆ కంపెనీతో ఏ సంబంధం ఉందో ముందే తెలుసుకోండి. అది వెల్లడించని చోటికి వెళ్ళకపోవడమే మంచిది.

ప్రతి శిక్షణ ముగిసిన రోజే తేదీ, గంటలు, నేర్చుకున్న అంశం, ఇకపై మార్చుకోబోయే ఒక పద్ధతి రాసి, ధ్రువపత్రంతో కలిపి భద్రపరచండి. రోగి పేరు గానీ, గుర్తుపట్టే వివరాలు గానీ అందులో ఉండకూడదు. మూడు నెలల తరువాత మరో ఇరవై మంది రికార్డులు తీసి అవే ప్రశ్నలతో లెక్కించండి. అంకె కదలకపోతే వెంటనే మరో కోర్సులో చేరకుండా, పరీక్ష పరికరం అందుబాటులో ఉందా, ఆ పని ఎవరు చేయాలో బృందంలో స్పష్టత ఉందా అని చూడండి.