ప్రభుత్వ ఆసుపత్రిలో వేసెక్టమీ: పేరు నమోదు నుంచి ధ్రువపత్రం దాకా

మన దేశంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో మగవారి కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స ఉచితం. ఆశా కార్యకర్తకో, ఏఎన్‌ఎంకో చెబితే ఎక్కడ, ఏ రోజు చేస్తారో కనుక్కుని చెబుతారు. వారితో మాట్లాడటం మొహమాటమనిపిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును నేరుగా కలవవచ్చు.

దరఖాస్తుదారుకు పెళ్లయి ఉండాలి, వయసు 60 ఏళ్ల లోపు ఉండాలి. కనీసం ఒక బిడ్డ ఉండి, ఆ బిడ్డకు ఏడాది దాటి ఉండాలి. నిబంధన ప్రకారం భార్య అంగీకారం తప్పనిసరి కాదు. అయినా ఇది ఇద్దరి బతుకుకు సంబంధించిన నిర్ణయం, మాట్లాడుకున్నాకే వెళ్లండి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ దగ్గర పెట్టుకోండి. పనికి వెళ్లలేని రోజులకు పరిహారంగా తెలుగు రాష్ట్రాల్లో కేంద్ర పథకం కింద రూ.1,100 ఇస్తారు.

ఆసుపత్రిలో ముందు అంగీకార పత్రం చేతికిస్తారు. అది మీకు వచ్చిన భాషలోనే ఉండాలి. చదవడం రాకపోతే చదివి వినిపించమని అడగండి, అది మీ హక్కు. దీన్ని శాశ్వత పద్ధతిగా భావించాలనీ, అరుదుగా విఫలం కావచ్చనీ అందులో ఉంటుంది. మళ్లీ పిల్లలు కావాలన్న ఆలోచన ఏ మూలనైనా ఉంటే సంతకం చేయకండి. కత్తిరించిన నాళాలను మళ్లీ కలిపే శస్త్రచికిత్స ఉన్నా ఫలిస్తుందన్న భరోసా లేదు. బల్ల ఎక్కబోయే ముందు కూడా వద్దనుకోవచ్చు. అంతమాత్రాన మీకు అందాల్సిన ఇతర వైద్యసేవలేవీ ఆగవు.

శస్త్రచికిత్స చిన్నదే. ఆ భాగానికి మాత్రమే మత్తు ఇచ్చి, వృషణాల సంచి మీద సన్నని రంధ్రం చేసి, వీర్యకణాలు వచ్చే రెండు నాళాలనూ బయటికి తీసి కత్తిరించి ముడివేస్తారు. కుట్లు ఉండవు. అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. రెండు రోజులు విశ్రాంతి, వారం పాటు బరువులు ఎత్తకపోవడం చాలు. మగతనం తగ్గుతుందన్న భయానికి ఆధారం లేదు. హార్మోన్లు నాళాల్లోంచి కాదు, రక్తంలోంచి ప్రవహిస్తాయి. వాపు పెరిగినా, జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. కోసిన చోటుకు పైన, నాళాల్లో అప్పటికే చేరిన వీర్యకణాలు పూర్తిగా పోవడానికి సమయం పడుతుంది. అందుకే మూడు నెలల పాటు కండోమ్ గానీ, భార్య వాడే మరో పద్ధతి గానీ తప్పదు. ఆ తర్వాత వీర్య పరీక్ష చేయించుకోవాలి. ఒక్క కణం కూడా లేదని తేలాకే శస్త్రచికిత్స ధ్రువపత్రం ఇస్తారు. కణాలు కనిపిస్తే కండోమ్ కొనసాగిస్తూ మళ్లీ పరీక్షకు వెళ్లాలి.

ధ్రువపత్రం అందుకోగానే పేరు, తేదీలు సరిచూసుకుని భద్రపరచండి. ఆ తర్వాత గర్భం వస్తే కుటుంబ నియంత్రణ నష్టపరిహార పథకం కింద దరఖాస్తు చేసుకునేటప్పుడు ఇదే కీలకం. భార్యకు నెలసరి తప్పిన వెంటనే శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రికి తెలియజేయండి. పరిహారం దరఖాస్తుకు గడువు 90 రోజులు.